జీలకర్ర వాసన చూసిన ప్లంబర్

నా ఇఖామా, అంటే సౌదీలో ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు, దాని ప్రకారం నేను ప్లంబర్‌ని. సౌదీలో గడిపిన ఇరవై నాలుగేళ్లలో ఒక్క కుళాయి విప్పిన పాపాన పోలేదు. నేను చేసిన పని జీలకర్ర చూడటం. చూడటమంటే ముక్కుతో, నాలుకతో, అరచేత్తో చూడటం: ఏ దేశపు సరుకు, ఎంత పాతది, ఎంత తేమ, ఎంత మోసం. నేను వెళ్లిన రోజు ఏజెంటు దగ్గర ప్లంబర్ వీసాలే మిగిలాయి కాబట్టి ప్లంబర్‌నయ్యాను. ఒక్క గంట ముందు వచ్చి ఉంటే గొర్రెల కాపరినయ్యేవాణ్ణని ఆయనే చెప్పి, నా అదృష్టానికి నన్ను మెచ్చుకున్నాడు.

మా మెట్‌పల్లి చుట్టుపక్కల నుంచి ఇప్పటికీ పిల్లలు గల్ఫ్ గోదాముల్లోకి, మసాలా మిల్లుల్లోకి వెళ్తున్నారు. వెళ్లేముందు కొందరు మా ఇంటికొచ్చి "గంగాధర్ కాకా, గా పని ఎట్లుంటది?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. ప్లంబర్‌గా నాకు ఒక్కటీ రాలేదు.

ముందు సరుకు గురించి

జీలకర్ర మనదేనని మనం అనుకుంటాం. చారులో వేస్తాం, పోపులో వేస్తాం, పెళ్లిలో బెల్లంతో నూరి నెత్తిన కూడా పెట్టుకుంటాం. (అలా పెట్టుకున్న పదకొండో రోజున నేను విమానం ఎక్కాను. మా ఆవిడ ఆ సంగతి ఇప్పటికీ గుర్తు చేస్తుంది.) కానీ దాని పుట్టిల్లు ఈజిప్టు, సిరియా, ఇరాన్ వైపు. అక్కడి నుంచి వర్తకుల మూటల్లో మన దేశానికొచ్చి, ఇక్కడే పంటై, ఇప్పుడు గుజరాత్, రాజస్థాన్‌ల నుంచి మళ్లీ అరబ్బు దేశాలకు ఎగుమతవుతోంది. ఇంత తిరిగినా దాన్ని ఇఖామా చూపించమని ఎవరూ అడగలేదు.

అరబ్బులు దాన్ని కమ్మూన్ అంటారు. పొద్దున తినే ఫూల్ అనే ఉడికించిన చిక్కుడుగింజల మీద చల్లుతారు, చేపల అన్నంలో వేస్తారు, కబ్సా అనే మాంసం అన్నం మసాలాలో కలుపుతారు. బాగా తిన్నాక కడుపుబ్బరిస్తే వేడినీళ్లలో కమ్మూన్ మరిగించి నిమ్మకాయ పిండుకుని తాగుతారు. దాంతో గ్యాస్ తగ్గడం, ఆకలి పుట్టడం నేను నా కళ్లతో చూశాను. పొట్ట కరిగిపోతుందనీ, షుగరు పోతుందనీ, జుట్టు మొలుస్తుందనీ ఫోన్లలో తిరిగే మాటలు కూడా విన్నాను. ఇరవై నాలుగేళ్లు జీలకర్ర దుమ్ము పీల్చి బతికినవాణ్ణి. నా పొట్టా నా బట్టతలా వచ్చి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టం.

హమూద్ ముఅల్లిం

నాకు పని నేర్పింది జెద్దాలో, బలద్ సూక్ అనే పాత బజారులో మసాలా కొట్టు నడిపిన హమూద్ అనే యెమెనీ ముసలాయన. ముఅల్లిం అంటే గురువు. ఆయన దగ్గర చీపురు పట్టడానికి చేరి, రెండేళ్లకు సంచులు విప్పే స్థాయికి ఎదిగాను.

ఆయన పద్ధతి సులువు. గుప్పెడు జీలకర్ర అరచేతిలో వేసుకుని రెండో చేత్తో గట్టిగా నలపాలి. చెయ్యి నల్లబడితే అది జీలకర్ర కాదు, బొగ్గుపొడి పూసిన గడ్డిగింజ. నలిపినప్పుడు గలగలమనాలి, మెత్తగా నలిగితే తేమ పట్టినట్టు. పంటి కింద రెండు గింజలు కొరికి చూడాలి. వాసన ఆఖర్న చూడాలి, ఎందుకంటే ముందే చూస్తే మిగతావి చూడబుద్ధి కాదు.

నా మొదటి ఘనకార్యం ఆయన దగ్గరే జరిగింది. అక్కడ కరావియా అని ఒక గింజ ఉంటుంది, మన షాజీరాకి దగ్గరి చుట్టం. జీలకర్రలాగే ఉంటుంది కానీ కొంచెం వంకర, కొంచెం నలుపు. ఒకరోజు ఫూల్ అమ్మే హోటలుకి కమ్మూన్ బదులు ఒక సంచి కరావియా పంపాను. మర్నాడు హోటలాయన గిన్నెతో సహా వచ్చి మా కొట్టు ముందు నిలబడ్డాడు. హమూద్ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ గిన్నె కొనేసి, అది అయిపోయేదాకా మూడు రోజులు నా చేత మూడుపూటలా అదే తినిపించాడు. ఆ తర్వాత ఆ రెండు గింజల మధ్య తేడా నేనెప్పుడూ మరిచిపోలేదు.

ఆయన మాట వినకుండా నేను సొంతంగా నేర్చుకున్నది ఒకే ఒక్కటి: వాసన చూసేటప్పుడు కళ్లు మూసుకోవడం. దాని అవసరమేమీ లేదు. కానీ కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఊపిరి లోపలికి లాగి, ఒక నిమిషం ఆగి "సిరియా సరుకు" అంటే కొనేవాళ్ల మొహాల్లో గౌరవం కనపడేది. హమూద్ మాత్రం "వాసన చూస్తున్నావా, నిద్రపోతున్నావా?" అనేవాడు. అసూయ అనుకున్నాను.

రంగుల కాలం

అప్పుడు నితాఖత్ వచ్చింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలి, దాన్నిబట్టి కంపెనీకి ఒక రంగు ఇస్తారు. ఎరుపైతే పనోళ్ల కాగితాలు రెన్యూ కావు, పచ్చ అయితే అవుతాయి. నేను జీలకర్రని రంగు చూసి నమ్మొద్దని పదేళ్లు కష్టపడి నేర్చుకుంటే, మా కొట్టుని రంగు చూసి మూసేశారు. హమూద్ యెమెన్ వెళ్లిపోయాడు. నేను కఫాలా, అంటే పూచీ పడే యజమానిని, మార్చుకుని హుఫూఫ్‌లో ఒక మసాలా గోదాముకి వచ్చాను.

అక్కడి యజమాని అబూ ఫహద్. చెడ్డవాడు కాదు, భయస్తుడు. కాగితం కనపడితే చెమటలు పట్టేవి ఆయనకి. గోదాములో ఇద్దరం తెలుగువాళ్లం. నేను సరుకు చూసేవాణ్ణి, నిర్మల్ వైపు లింగన్న మిల్లు నడిపేవాడు. లింగన్న ఇఖామాలో ఎలక్ట్రీషియన్. ప్లంబరూ ఎలక్ట్రీషియనూ కలిసి ఆ అల్ అహ్సా ప్రాంతమంతటికీ కబ్సా మసాలా తయారుచేసేవాళ్లం.

ఇఖామాలో ఉన్న పని కాకుండా వేరే పని చేస్తూ దొరికితే తప్పు. అందుకని లేబర్ ఆఫీసు నుంచి తనిఖీకి ఎవరైనా వస్తున్నారని తెలిస్తే నేను పానా పట్టుకుని వాష్‌బేసిన్ కిందికి దూరేవాణ్ణి. ఆ వాష్‌బేసిన్ ఎన్నడూ చెడిపోలేదు, అన్నిసార్లు బాగుచేసినా.

ఇక కాగితం మీద సరుకు చూసే ఉద్యోగం ఉమ్ సాలెహ్‌ది. అంటే సాలెహ్ వాళ్లమ్మ. యాభైకి దగ్గరపడిన హసావీ మనిషి, అంటే అల్ అహ్సా ఆవిడే, భర్త పోయాడు. రంగు పచ్చగా ఉండటానికి అబూ ఫహద్ ఆమె పేరు రాయించుకుని, ఇంట్లో కూర్చున్నందుకు సగం జీతం ఇచ్చేవాడు. అందరూ సుఖంగా ఉన్నారు.

ఆ తర్వాత లెవీలు మొదలయ్యాయి. పరాయిదేశపు పనివాడి తలకి ఇంత అని ప్రతి నెలా ఫీజు, అది ఏటా పెరగడం. ప్రతి ఇఖామా రెన్యువల్‌కీ అబూ ఫహద్ మా తలల వైపు చూసే చూపు మారిపోయింది. తల ఒకటి తగ్గితే బాగుండునని ఆ చూపులో ఉండేది.

సరిగ్గా అప్పుడే ఒకరోజు పొద్దున్నే ఉమ్ సాలెహ్ గోదాముకి వచ్చింది. అబూ ఫహద్ కంగారుపడ్డాడు. ఆమె అరబ్బీలో అన్నది తెలుగులో చెప్తాను: "నా కొడుక్కి పెళ్లైంది. వంటిల్లు కోడలు తీసుకుంది. నాకొక ఉద్యోగం ఉందని కాగితంలో రాసుంది కదా, అదేమిటో చూద్దామని వచ్చాను."

నేను చేసిన చిన్నతనం

ఈ భాగం రాయకుండా వదిలేద్దామనుకున్నాను. ఆమె పని నేర్చుకుంటే నా తల లెక్కలోంచి పోతుందని నాకు తెలుసు. అందుకని ఏమీ నేర్పలేదు. లేబుళ్లు అంటించమన్నాను. "ఇదెలా తెలిసింది?" అని అడిగితే కళ్లు మూసుకుని, "అది చెబితే వచ్చేది కాదు, ఉమ్ సాలెహ్" అనేవాణ్ణి. ఆమె నిఖాబ్ లోంచి రెండు కళ్లతో నన్ను చూస్తూ లేబుళ్లు అంటించేది. వచ్చిన విద్య దాచుకునేవాడంత అల్పుడు ఇంకొకడు ఉండడు. ఏడాదికి పైగా నేను ఆ అల్పుణ్ణే.

మా చిన్నమ్మాయి శ్రావణి అప్పుడు కరీంనగర్‌లో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్లు ఉంది. అంటే నా ఇఖామా ఇంకా రెండుసార్లు రెన్యూ కావాలి. నాకు కావాల్సింది అంతే.

అప్పుడు ఆ రోగం వచ్చింది, లోకమంతా మూతికి గుడ్డ కట్టుకున్న ఏడాది. నాకు మూడు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. బతికిపోయాననుకుంటూ మంచం మీద కూర్చున్నాను. లింగన్న బయటినుంచి పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆపాడు.

"ఏందిర గంగన్నా, పప్పు మాడి రూమంత కంపు కొడ్తాంటే గట్ల గూసున్నవ్?"

నాకు ఏ కంపూ రాలేదు. ఉల్లిపాయ కోసి చూశాను, అత్తరు చూశాను, చివరికి లింగన్న సాక్సు చూశాను. ఏమీ లేదు. 

"ఎవ్వలకు చెప్పకు," అన్నాడు లింగన్న. "ముక్కే నీ నౌకరి. గది పోయిందంటె సేటు నిన్ను రేపే ఎక్కిస్తడు విమానం."

ఇంగువ

నలభై రోజులు నెట్టుకొచ్చాను. నలపడం, కొరకడం, చూడటం చేసి, వాసన దగ్గరికొచ్చేసరికి మామూలుకంటే ఇంకాసేపు కళ్లు మూసుకునేవాణ్ణి. బూజు పట్టిన ఒక లాటు నా చేతిమీదుగా పోయింది. అది తడిసిన గోనె వాసన వేస్తోందని ఉమ్ సాలెహ్ అంటే, "నాకు చెప్తావా?" అని కసిరాను.

మర్నాడు ఆమె సరుకు చూసే బల్ల దగ్గరికి ఒక గరిటె పట్టుకొచ్చింది. "గంగాధర్, ఇది ఏ దేశపు కమ్మూన్?"

నేను మామూలుగానే కళ్లు మూసుకున్నాను. తల వెనక్కి వాల్చాను. గరిటె నా ముక్కు దగ్గర పెట్టింది. బాగా పీల్చి, ఒక నిమిషం ఆగి అన్నాను: "హిందీ. గుజరాత్ సరుకు. మొదటి రకం."

"కళ్లు తెరువు."

గరిటెలో ఉన్నది ఇంగువ. మూత తీస్తే గోదాములో పిల్లి కూడా బయటికి పోయే ఇంగువ.

ఆమె నవ్వలేదు. "ఎన్నాళ్లయింది?" అంది.

అంతా చెప్పేశాను. జ్వరం, మాడిన పప్పు, శ్రావణి, రెండేళ్లు. చెబుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఏడాదికి పైగా లేబుళ్లు అంటింపజేసిన మనిషి కాళ్ల దగ్గరే నా బతుకు వచ్చి పడింది.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "నువ్వు కాగితం మీద ప్లంబర్‌వి. నేను కాగితం మీద సరుకు చూసేదాన్ని. నీకు పని వచ్చు, ముక్కు లేదు. నాకు ముక్కుంది, పని రాదు. నాకు నేర్పు. నేర్చుకున్నంతకాలం నా ముక్కు వాడుకో."

"మరి మీకేం లాభం?"

"సగం జీతం పూర్తి జీతం కావాలి. అబూ ఫహద్ నన్ను నిజంగా పనిలో పెట్టుకోవాలి. దానికి ముందు పని రావాలి కదా."

అలా మొదలైంది. ఇద్దరు మనుషులు కలిసి ఒక ఉద్యోగం. నేను నలిపేవాణ్ణి, కొరికేవాణ్ణి. ఆమె గరిటె నిఖాబ్ కిందికి తీసుకెళ్లి వాసన చూసేది. సరుకు మంచిదైతే గరిటెతో బల్లమీద ఒక తట్టు, చెడ్డదైతే రెండు తట్లు. అబూ ఫహద్ అద్దాల గదిలోంచి చూస్తే కనపడేది పాత గంగాధరే: కళ్లు మూసుకుని, తల వాల్చి, గంభీరంగా. నేను వినేది వాసన కాదు, గరిటె శబ్దం. నా జీవితంలో ఒక్క తప్పు కూడా లేకుండా సరుకు చూసింది ఆ రోజుల్లోనే.

నేర్పడం మొదలుపెట్టాక దాచుకోలేదు. మిల్లు వేడెక్కితే జీలకర్ర వాసన గాలిలో పోతుందనీ, అందుకే తెల్లారగట్ల చల్లటప్పుడు ఆపి ఆపి ఆడించాలనీ చెప్పాను. పాత సరుకుని కొత్తదానిలో కలిపితే నాలుక చివర చేదు ఎక్కువవుతుందని చెప్పాను. ఆమె అడిగింది కూడా, మీ దేశంలో దీన్ని వంటకే వాడతారా అని. పెళ్లిలో పిల్లా పిల్లవాడూ ఒకరి నెత్తిన ఒకరు పెట్టుకుంటారని చెప్తే నిఖాబ్ ఊగేలా నవ్వింది. "మేం కడుపులోకి పంపేదాన్ని మీరు తల మీద ఆపేశారు," అంది.

మొదటి రెన్యువల్ గడిచింది. ఇంకొక్కటి మిగిలింది.

తనిఖీ

ఆ ఏడాది చివర్లో లేబర్ ఆఫీసు మనిషి చెప్పకుండా వచ్చాడు. నేను పానా వెతుక్కుని బేసిన్ కిందికి దూరేసరికే ఆయన గోదాము మధ్యలో ఉన్నాడు. అబూ ఫహద్ ఆఫీసులో గహ్వా కాఫీ పోయిస్తూ చెమటలు తుడుచుకుంటున్నాడు.

"ఇక్కడ సరుకు చూసేది ఎవరు?" అన్నాడాయన.

"నేను," అంది ఉమ్ సాలెహ్.

ఆయనకి నమ్మకం లేదు. ఇలాంటి కాగితపు ఉద్యోగినుల్ని చాలామందిని చూసుంటాడు. సంచులు చూపించి ఒక్కొక్కటీ ఏమిటని అడిగాడు. ఇది సిరియా, ఇది హిందీ, ఇది ఇరాన్, ఇది కరావియా, ఈ సంచి అడుగున తేమ ఉంది, ఇది వెనక్కి పంపాలి. ఆమె గడగడా చెప్తుంటే బేసిన్ కింద నేను పానా కరుచుకుని కూర్చున్నాను. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. పోయేటప్పుడు ఆ తనిఖీ మనిషి అబూ ఫహద్ చెయ్యి పట్టుకుని ఊపి మరీ మెచ్చుకున్నాడు. దేశమంతా నితాఖత్ ఎలా పనిచేసిందో నాకు తెలియదు. హుఫూఫ్‌లో ఆ ఒక్క గోదాములో మాత్రం అనుకున్నది అనుకున్నట్టు జరిగింది, దానికోసం ఒక ప్లంబర్ ముక్కు పోవాల్సి వచ్చింది.

మూడు గరిటెలు

నెల తిరక్కుండా నా ఇఖామా రెన్యువల్ వచ్చింది. అబూ ఫహద్ నన్ను పిలిచాడు. కుర్చీ వేయించాడు, అదే అపశకునం.

"గంగాధర్, నువ్వు నాకు తమ్ముడిలాంటివాడివి," అన్నాడు. "లెవీ సంగతి నీకు తెలుసు. ఆమెకే పని వచ్చినప్పుడు నీ తలమీద నేనెందుకు కట్టాలి? కానీ నాకొక అనుమానం. సంచుల మీద పేర్లు రాసున్నాయి. చదివి చెప్పిందేమో. నా ఎదుట ఒకసారి చూడనీ. ఆమెకి వస్తే పూర్తి జీతం ఆమెకి, దేశం వదిలే ఎగ్జిట్ నీకు. రాకపోతే నువ్వుండు."

ఆయనే మూడు గరిటెల్లో మూడు రకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు, లేబుళ్లు లేకుండా, మూడూ పొడులే: జీలకర్ర, కరావియా, ఇంగువ. ఉమ్ సాలెహ్‌ని పిలిచి, పూర్తి జీతం మాట ఆమెకీ చెప్పాడు. "ఇందులో కమ్మూన్ ఏది?"

నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. మిల్లు ఆపేసి లింగన్న తలుపు దగ్గరికొచ్చాడు. అందులో కష్టమేముంది? ఆమె ఆ పని కళ్లకు గంతలు కట్టినా చేస్తుంది. శ్రావణికి ఏమని ఫోన్ చేయాలో మనసులో మాటలు వెతుక్కుంటున్నాను.

ఆమె మొదటి గరిటె చూసింది, పక్కన పెట్టింది. రెండోది చూసింది, పక్కన పెట్టింది. మూడోది నిఖాబ్ కిందికి తీసుకెళ్లింది. అప్పుడు ఆమె ఎన్నడూ చేయని పని చేసింది. కళ్లు మూసుకుంది. తల వెనక్కి వాల్చింది. ఊపిరి బాగా లాగి, ఒక నిమిషం ఆగింది.

"ఇది," అంది. "హిందీ కమ్మూన్. గుజరాత్ సరుకు. మొదటి రకం."

అబూ ఫహద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూశావా, చదివి చెప్పిందే!" అని నా భుజం తట్టి, రెన్యువల్ కాగితం మీద సంతకం పెట్టాడు. ఆమె గరిటె బల్లమీద పెట్టి, తలవంచుకుని లేబుళ్ల గదిలోకి పోయింది.

నేను వెనకాలే వెళ్లాను. నాకు ఏడుపు ఆగలేదు. "ఎందుకు చేశారు? ఆ జీతం ఈ రోజు నుంచి మీది."

"నీ కూతురికి ఇంకా ఏడాది ఉందన్నావు," అంది లేబుల్ అంటిస్తూ. "ఏడాది ఎంతసేపు? ఆ తర్వాత నా ముక్కు బాగవుతుంది."

ఆ సాయంత్రం లింగన్న చాయ్ పోస్తూ అన్నాడు: "గా అమ్మకు నీకంటె మంచిగొస్తది గంగన్నా, గా కండ్లు మూసుడు."

శ్రావణి పాసైన వారం నేనే వెళ్లి ఎగ్జిట్ అడిగాను. అబూ ఫహద్ గాభరా పడ్డాడు, సరుకు ఎవరు చూస్తారని. మళ్లీ మూడు గరిటెలు పెట్టి చూడమన్నాను. ఈసారి ఉమ్ సాలెహ్ కళ్లు తెరిచే చూసింది. అరనిమిషంలో మూడూ చెప్పి, కరావియాలో తేమ ఉందని అదనంగా చెప్పింది. ఏడాదిలో ఇంత మార్పేమిటని అబూ ఫహద్ ఆశ్చర్యపోయాడు. అల్లా దయ అన్నాను.

పనిలో చేరబోయేవాళ్లకు

నా ముక్కు సగం తిరిగొచ్చింది. శ్రావణి ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. రోజూ పొద్దున నాలుగు సీసాలు వాసన చూడమని నాకు చెప్పింది. మా ఆవిడ వాటిని వరుసగా పెడుతుంది. వాటిలో ఒకటి జీలకర్ర, ఒకటి ఇంగువ. కొన్ని రోజులు పట్టుకుంటాను, కొన్ని రోజులు పట్టుకోలేను.

మీకు చెప్పేది కొంచెమే. సరుకుని రంగు చూసి నమ్మకండి. వచ్చింది దాచుకోకండి, దాచుకుంటే అది మీతోనే పోతుంది. ఇఖామాలో ఏం రాసుందో ఒకసారి చదువుకోండి, పానా ఎక్కడుందో గుర్తుంచుకోండి. ముఖ్యంగా, వాసన చూసేటప్పుడు కళ్లు మూసుకోకండి. అది జనం కోసం చేసే వేషం. కళ్లు మూసుకుని వాసన చూసి, సరైన మాట చెప్పిన మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆమె ఇంగువని జీలకర్ర అంది.